రెండు ఫ్రేముల తేనె

వారం రోజుల ముసురు తెరిపిచ్చాక, పెరట్లో తేనెపెట్టె మూత తీశాను. తేనెటీగలన్నీ చెక్క ఫ్రేములకు కట్టిన పట్టులోని ఖాళీ గదుల్లో తలలు దూర్చి చచ్చిపోయి ఉన్నాయి.

"ఆకలి చావమ్మా ఇది! వానల్లో తింటాయని రెండు ఫ్రేముల తేనె వదిలానే, ఏమైంది?"

అమ్మ తల వంచుకుంది.

"నేనే తీసేశాను. ఆసుపత్రి నుంచి రాగానే మీ నాన్న తింటారనుకున్నా."

నాన్న ఇంటికి రాలేదు. తేనె సీసాలు అల్మారాలో అలాగే ఉన్నాయి.

"రోజూ అడిగేవారే, వాటికి ఉంచావా అని. ఉంచానని చెప్పా. ఆ మాట నమ్మే కళ్ళు మూశారు."

చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు, అమ్మ మందులకని అటు వెళ్ళగానే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అమ్మ సంగతి నాకు తెలీదూ? నాకోసమని ఆ రెండూ తీసేసే ఉంటుంది. ఏమీ అనకు. వానలు పట్టగానే నువ్వు వాటికి చక్కెర పాకం పెట్టు, చాలు."

అలాగే అన్నాను. ఆయన పోయాక ఆ మాటే మరిచిపోయాను, పెరటి వైపే రాలేదు.

"నమ్మారు కదే?" అమ్మ అడిగింది.

తల ఊపాను.

నాన్న అమ్మ మాట నమ్మలేదు. నన్ను నమ్మాడు.