పీకిన వైరు

గోపీచంద్ టాక్సీలో ఇంజిన్ వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు వారంలో మూడోసారి వెలిగింది. కూలెంటు, థర్మోస్టాట్ మార్చినా లాభం లేకపోయింది. మత్తిగిరిలోని మెకానిక్ ఈసారి వేడిని కొలిచే సెన్సర్ నుంచి ఊడి ఉన్న వైరు చూపించాడు.

“ఇది దానికదే ఊడలేదప్పా. ఎవరో క్లిప్పు నొక్కి పీకినారు.”

గోపీచంద్‌కు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి అరిచాడు. “నా కడుపు కొట్టేది యెవరో ఈ పొద్దు తేలాల!”

కూర తరుగుతున్న భార్య పూర్ణిమ తల ఎత్తలేదు. “నేనే.”

“నీకేమన్నా పిచ్చా?”

“రాత్రంతా ఫ్యాక్టరీ, పగలంతా టాక్సీ. శుక్రవారం కృష్ణగిరి రోడ్డులో నువ్వు కునికితే స్టీరింగు నేను పట్టినాను. నీకు గుర్తే లేదు. బండి చెడిపోయిన రోజే కదా నువ్వు పండుకునేది?”

గోపీచంద్ తాళంచెవి ఆమె ముందు పెట్టి, చాప పరుచుకున్నాడు.