చివరి రీలు

"ఇంతకీ ఈ అమ్మాయి రైలెక్కేస్తుందా, మొగుడి దగ్గరే ఉండిపోతుందా అత్తయ్యా?"

"నాకేం తెలుసు?" అన్నారు అత్తయ్య, టీవీలోని నలుపు తెలుపు హాలీవుడ్ హీరో మీంచి చూపు తిప్పకుండా.

"మీరు ఇవన్నీ హాల్లోనే చూశారుగా. ఆ హీరోగారి ముగ్గురు పెళ్లాల పేర్లూ గడగడా చెప్తారు."

"పెళ్లాల సంగతి పత్రికల్లో వచ్చేది. క్లైమాక్స్ రాదుగా. జనంలో తోసుకోవాల్సి వస్తుందని మీ మామయ్య చివరి రీలుకి ముందే నన్ను లేపి తీసుకొచ్చేసేవారు. మరి నువ్వెందుకు చూళ్లేదు?"

"సరిగ్గా ఆ టైముకే మీ అబ్బాయి ఆఫీసు నుంచి వస్తారు. వెళ్లి తలుపు తియ్యాలి, కాఫీ పెట్టాలి. మా పాత సినిమాల గ్రూపులో అందరూ క్లైమాక్సుల మీద కొట్టుకుంటుంటే, నేను హీరోయిన్ గౌన్లు మెచ్చుకుంటూ కాలక్షేపం చేస్తుంటాను."

తెరమీద ఆ అమ్మాయి రైలు మెట్టు మీద కాలు పెట్టింది. మా ఇంటి బెల్లు మోగింది.

లేవబోతుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"కూర్చో. వాడి దగ్గర తాళంచెవి ఉంది."

"ఎప్పట్నుంచి?"

"మీ పెళ్లికి ముందు నుంచీ."

బెల్లు మళ్లీ మోగింది. నేను కదల్లేదు. సినిమా అయిపోయింది.

"ఎక్కిందా?" అని అడిగారు అత్తయ్య.

నేనూ చూడలేదు. ఇద్దరం తలుపు వైపే చూస్తున్నాం.