అయ్యగారికి చేతులు లేవు

ఊళ్ళో చర్చి మూతపడి పదేళ్ళయింది. ఇప్పుడు ఎవరి అయ్యగారు వాళ్ళ చెవిలోనే ఉంటారు. గింజంత యంత్రం పెట్టుకుంటే చాలు, మనిషి కాని ఆ మరగొంతు అయ్యగారే పేరు పెట్టి పిలిచి దేవుని వాక్యం చెబుతారు. రొయ్యల షెడ్డులో తొక్క తీసే ముప్పైమంది ఆడవాళ్ళు ఆదివారాలు పక్కపక్కనే నిలబడి, ఎవరి ఆరాధన వాళ్ళు చేసుకునేవారు.

ఆ ఆదివారం సలోమికి చేతులాడలేదు. మూడేళ్ళ కూతురు పోయి అప్పటికి తొమ్మిది రోజులు.

"అయ్యగారూ, నాకు ప్రభువు బల్ల కావాలండి, ఆ రొట్టె ముక్క నోట్లో పెట్టుకోవాలండి," అని గొణిగింది.

"మాట చెప్పగలను తల్లీ. రొట్టె విరిచి ఇవ్వడానికి నాకు చేతులు లేవు. నీ పక్కన ఎవరున్నారు?"

పక్కన దెబోరా ఉంది. ఆరేళ్ళుగా పక్కనే ఉన్నా ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకున్నది లేదు. సలోమి చెవిలోని యంత్రం తీసేసింది.

"అక్కా, నా బిడ్డ పోయింది."

దెబోరా కూడా యంత్రం తీసేసింది. "అయ్యో, నాకు చెప్పలేదేంటే!" అంటూ చేతులు కడుక్కుని, తన టిఫిన్ డబ్బాలోని చపాతీ విరిచింది. "ఇది మన కోసం విరిగిన ప్రభువు దేహమే. తినమ్మా."

సలోమి ఆ ముక్క అందుకుని నోట్లో పెట్టుకుంది. చూస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే యంత్రాలు తీసి దగ్గరకు వచ్చారు. ఎవరో పాట ఎత్తుకుంటే అన్ని గొంతులూ కలిశాయి. రేకుల కప్పు మోగింది.

"పాప పేరేంటే?" అని అడిగింది దెబోరా.

"మిర్యాము."

ముప్పైమందీ తలలు వంచి, ఆ పేరు పైకి పలికి ప్రార్థించారు.