హాజీగారి అద్దాల పిట్టగోడ

“గుద్దండి హాజీగారూ. మధ్యలో గట్టిగా గుద్దండి.”

హాజీ మెత్వల్లీ పిడికిలి బిగించి బాల్కనీ అద్దాన్ని గుద్దాడు. అద్దం కదల్లేదు. హాజీ చెయ్యి విదిలించుకున్నాడు.

“బలమంతా మధ్యలో ఉంది,” అన్నాడు అద్దాలు బిగించే లుత్ఫీ. “ప్రాణం మాత్రం మూలల్లో ఉంది. మూలకి గట్టిదేదైనా తగిలిందా, పలక మొత్తం పంచదారలా రాలిపోతుంది.”

“అయితే మూలలు కనిపెట్టుకుని ఉండాలన్నమాట,” అంది ఇన్షిరా. గుమ్మంలో కూర్చుని ఇత్తడి రోకలితో వెల్లుల్లి దంచుతోంది.

ఇల్లు ఆమెది. అలెగ్జాండ్రియాలో, సముద్రపు రోడ్డు మీద, రెండో అంతస్తు. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. హాజీ ఆమెకు బావగారు. గాలి మార్పుకని వేసవిలో మూడు రోజులుందామని తంతా ఊరి నుంచి వచ్చాడు. ఖర్జూరాలు పండాయి, కోశారు, తిన్నారు. హాజీకి గాలి ఇంకా మారలేదు. ఆమె పడగ్గదిలో గాలి బాగుందని అందులోకి మాత్రం మారాడు. ఆమె సోఫా మీదికి మారింది. ఇప్పుడు కుర్చీలో వెనక్కి వాలితే పాత ఇనుప కటకటాలు సముద్రానికి అడ్డొస్తున్నాయని అద్దాలు పెట్టిస్తున్నాడు. ఖర్చు ఆయనదే. ఆ సంగతి తెలియనివాళ్ళు ఆ మేడలో లేరు.

లుత్ఫీకి ఆ మేడలో ఇదే మొదటి పని. పైవాళ్ళూ కిందివాళ్ళూ “ఇది నిలిస్తే మాకూ పెట్టు” అన్నారు. నిలవకపోతే ఆ రోడ్డు మీద అతని మొహం చూసేవాడుండడు.

“చల్లటి నీళ్ళు,” అన్నాడు హాజీ.

ఇన్షిరా కూజా తెచ్చింది.

“నేనొచ్చినప్పుడు ఈ బాల్కనీలో వరసగా కూజాలుండేవి. ఇప్పుడిదొక్కటే. ఈ ఇంట్లో నీళ్ళు తాగుతారా, కూజాలు తింటారా?”

“వయసు బావగారూ. చేతులు నిలవడం లేదు.”

“కూజా అంటే గుర్తొచ్చింది.” హాజీ లుత్ఫీ వైపు తిరిగాడు. “మా ఆఫీసులో ఒక మేనేజరుండేవాడు. జిడ్డు. పొమ్మన్నా పోడు. చివరికి బదిలీ అయింది. మెట్లు దిగుతుంటే వెనకాల నేనే కూజా పగలగొట్టాను. మళ్ళీ మొహం చూపిస్తే ఒట్టు. పెద్దవాళ్ళు పెట్టిన ఆచారం ఊరికే పోతుందా?”

“మా వీధిలో కొందరికి పని చెయ్యలేదు హాజీగారూ.”

“కొట్టడం రాక. చప్పుడు వాడి చెవిన పడాలి.”

“ఇంకొంచెం చక్కెర వెయ్యనా బావగారూ, టీలో?” అంది ఇన్షిరా.

పది రోజులకు లుత్ఫీకి కబురొచ్చింది. హాజీ కాఫీ దుకాణానికి వెళ్ళిన వేళ ఒక పలక దానంతటదే రాలిపోయిందట.

“అద్దం అడిగితే ఉప్పు పోశావేంటయ్యా?” అన్నాడు హాజీ.

“కుర్రాణ్ణి ఏమీ అనకండి,” అంది ఇన్షిరా. “దిష్టి. అద్దం పగిలింది, పీడ పోయింది.”

మర బిగువైందేమో అనుకున్నాడు లుత్ఫీ. వదులు చేసి కొత్త పలక పెట్టాడు. ఇన్షిరా అతనికి చేపా అన్నం పెట్టి, ఇంటికి కూడా కట్టిచ్చింది. అంత మర్యాద ఎందుకో అతనికి అర్థం కాలేదు.

హాజీ క్షవరానికి వెళ్ళిన రోజు రెండోది పోయింది. ఈసారి ఉప్పుగాలి అనుకున్నాడు లుత్ఫీ. తర్వాత ఎండ అనుకున్నాడు. కింద మెత్తటి రబ్బరు వేసి మళ్ళీ బిగించాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

“ఇంకొక్కటి పగిలిందా,” అన్నాడు హాజీ, “ఈ రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నీ పేరు చెబుతాను. చెప్పడంలో నాకు బద్ధకం లేదు.”

అది నిజమని లుత్ఫీకి తెలుసు.

గురువారం పొద్దున అతను మరలు చూసిపోదామని వచ్చేసరికి హాజీ ఖాళీ పెట్టెతో బయల్దేరుతున్నాడు.

“తంతా వెళ్ళి చలి బట్టలు తెస్తాను. నా మంచం కూడా. ఆ గదిలో మంచం నడుముకి పడటం లేదు. ఇన్షిరా, శనివారానికి బాతు వండు.”

“క్షేమంగా వెళ్ళిరండి బావగారూ.”

లుత్ఫీ నాలుగు మూలలూ తడిమి చూశాడు. అన్నీ బాగున్నాయి. హాజీ పెట్టె తనే పట్టుకుని కిందికి దిగాడు. హాజీ టాక్సీలో ఒక కాలు పెట్టాడు.

పైన టప్‌మని పేలింది. కింద మూసి ఉన్న దుకాణం రేకుల మీద గాజు వడగళ్ళలా కురిసింది.

హాజీ మొహంలో రంగు పోయింది.

“మూడుసార్లూ నేను గడప దాటాకే,” అన్నాడు నెమ్మదిగా. “రేపు నేను ఆనుకుని నిలబడ్డప్పుడైతే?” జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి లుత్ఫీ చేతిలో పడేశాడు. “ఆమెకిచ్చెయ్. ఈ కొంపలో మళ్ళీ అడుగు పెట్టను. నీ సంగతి మాత్రం ఈ మేడంతా ఫోన్లు చేసి చెబుతాను.”

టాక్సీ వెళ్ళిపోయింది.

లుత్ఫీ మెట్లెక్కాడు. ఇన్షిరా బాల్కనీలో గాజు ఊడుస్తోంది. తాళంచెవి ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని జేబులో వేసుకుంది.

“నా పనైపోయిందమ్మా. ఇక ఈ మేడలో నాకు తలుపు తీసేవాళ్ళుండరు. తప్పెక్కడుందో కూడా తెలియదు.”

“తప్పు నీది కాదు నాయనా. గడప గడపకీ వెళ్ళి నేనే చెబుతాను. అందరూ పెట్టించుకుంటారు చూడు.”

“పగిలినందుకు కారణమేమని చెబుతారు?”

ఇన్షిరా నేలమీది ఇత్తడి రోకలి తీసి, తలగుడ్డ చెంగుతో గాజు పొడి తుడిచింది.

“ఇంట్లో కూజాలు అయిపోయాయని.”