గోరింక కష్టార్జితం

ఒక అడవిలో ఓ చిలుక ఉండేది. రోజూ పొద్దున్నే తను కొరికి వదిలేసిన జామపళ్లను కుంటి గోరింకకీ, రెక్క విరిగిన పావురానికీ పడేసేది. అవి "చల్లగా ఉండు తల్లీ" అని దీవిస్తే పొంగిపోయేది.

ఒకరోజు అవి రాలేదు. గిజిగాడు వాటికి గూళ్లు అల్లడం నేర్పాడట. ఆ గూళ్లను మిగతా పక్షులకి అమ్మి, వచ్చిన గింజలను అందరూ పంచుకుంటున్నారట. అడవంతా గిజిగాడినే మెచ్చుకుంటోంది. చిలుకకి ఒళ్లు మండిపోయింది. నేరుగా వెళ్లి నిలదీసింది.

"సాయం పేరు చెప్పి వ్యాపారం చేస్తున్నావా?"

"అవునక్కా, వ్యాపారమే. గూళ్లు అమ్ముడుపోతేనే కదా, రేపు ఇంకో ఇద్దరికి పని నేర్పగలిగేది" అన్నాడు గిజిగాడు అల్లిక ఆపకుండా.

చిలుక గోరింక వైపు తిరిగింది. "నీకెందుకే ఈ చాకిరీ? నాతో వచ్చెయ్. ఇకనుంచి కొరకని పళ్లే పెడతాను."

గోరింక కుంటుకుంటూ వచ్చి, నాలుగు గింజలు చిలుక ముందు పెట్టింది. "ఇన్నాళ్లూ నువ్వు పెట్టావు తల్లీ. ఈ పూట నా కష్టార్జితం తిను" అంది ప్రేమగా.

గింజలు మంచివే. కానీ పెట్టడమే తప్ప పుచ్చుకోవడం ఎరగని చిలుకకి ఒక్కటీ గొంతు దిగలేదు.