గోడలో గది

కిటికీ మీద తగువు మూడో రోజుకు వచ్చింది.

వైమండ్ రాతిపనివాడు. చర్చికి కొత్త శిఖరం ఎత్తిన జట్టులో పేరున్న మనిషి. అలాంటివాడికి వదిన ఆల్డిత్ గది ఎటు కట్టాలో, కిటికీ ఎటు పెట్టాలో చెబుతోంది.

"చర్చికి ఉత్తరం వైపు రెండు ఊతగోడల మధ్య సందుంది వదినా. మూడు పక్కలా గోడలు కలిసొస్తాయి. ఒక్కటి కడితే చాలు."

"ఉత్తరాన ఎండ పడదు. దక్షిణానికి కట్టు."

"దేవుడి కోసం గోడలోకి పోయేవాళ్ళకు ఎండెందుకు?"

"దేవుడికి అక్కర్లేదు. మోకాళ్ళకు కావాలి."

మోకాళ్ళ మాట రాగానే పొయ్యి పక్కనున్న వైమండ్ తల్లి, ఆల్డిత్ అత్తగారు హవీస్ దుప్పటి దగ్గరకు లాక్కుంది. ఎండ కావాలా వద్దా అని ఆవిడను అడిగినవాళ్ళు లేరు.

ఇరవయ్యేళ్ళుగా ఆవిడ నోట ఒకటే మాట. జావ చల్లారినా, కోడళ్ళు ఎదురు చెప్పినా, "నేను గోడలోకి పోతాను. అప్పుడు తెలుస్తుంది మీకు," అనేది. అది ఊరికే అనే మాట కాదు. చర్చి గోడకు ఆనించి చిన్న గది కడతారు. లోపలికి వెళ్ళిన ఆడమనిషికి పాదిరి గారు చావు ప్రార్థనలు చదివి, మీద గుప్పెడు మట్టి చల్లి, తలుపున్నచోట రాళ్ళు పేర్పించేస్తారు. ఇక బతికున్నన్నాళ్ళూ జపం చేసుకుంటూ అందులోనే. చర్చిలోకి ఒక కిటికీ, రొట్టె అందుకోవడానికి ఒకటి, కష్టం చెప్పుకోవడానికి వచ్చే జనం కోసం ఒకటి.

ఇంట్లో అన్నన్నాళ్ళూ ఆ మాటకు ప్రమాదం లేదు. పోయిన సకల పునీతుల పండుగనాడు చర్చి మెట్ల మీద, పాదిరి గారు వింటుండగా అనేసింది. చిన్నకోడలు ఎమ్మట్ ఆవిడ అంగీ అంచు తొక్కినందుకు, అంతే. పాదిరి గారి మొహం వెలిగిపోయింది. పక్క పేట చర్చి గోడలో ఒక పుణ్యాత్మురాలుంది. నాలుగూళ్ళ జనం కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికే పోతున్నారు. ఇక్కడ ఆకాశమంత శిఖరం కట్టినా కాకులు తప్ప కొత్తగా వచ్చినవాళ్ళు లేరు.

సాయంత్రానికి పేటంతా తెలిసిపోయింది. రొట్టెల బట్టీ దగ్గర ఆడవాళ్ళు హవీస్ చేతులు కళ్ళకద్దుకున్నారు. ఇక వెనక్కి ఏ మొహం పెట్టుకుని పోతుంది?

బిషప్ గారి అనుమతి ఒకటి మిగిలింది. తను వెళ్ళకపోతే రాదు కదా అని హవీస్ మోకాళ్ళ పేరు చెప్పి మంచమెక్కింది. ఆల్డిత్ నడుచుకుంటూ వెళ్ళింది. ఆమె పెద్దకోడలు. మొగుడు పరంజా మీదనుంచి పడి చనిపోయి తొమ్మిదేళ్ళు. పదకొండు మంది ఉన్న ఆ ఇంట్లో పిండి పిసికేదీ, బీరు కాచేదీ, అత్తగారి కాళ్ళు పట్టేదీ ఆమే. రెండు రోజులకు తిరిగొచ్చింది. బిషప్ గారు చాలా ప్రశ్నలు వేశారంది. కోపం ఎంత, ఓర్పు ఎంత, నోరు అదుపులో ఉంటుందా అని.

"నువ్వేం చెప్పావే?" అంది హవీస్ ఆశగా.

"ఉన్నదున్నట్టే చెప్పాను అత్తయ్యా. ఒప్పుకున్నారు."

బిషప్‌ల తెలివి మీద హవీస్‌కు ఆ రోజుతో నమ్మకం పోయింది.

తగువులో ఆల్డిత్ గెలిచింది. గది దక్షిణానికే వచ్చింది. చలి కాచుకోవడానికి పొయ్యి కావాలంది, పెట్టించింది. పిల్లిని ఉంచుకోవచ్చని పాదిరి గారి చేత ఒప్పించింది. పునాది తీసిననాడు ఆ మట్టిలోనే వెల్లకిలా పడుకుని కొలత చూసింది.

"అత్తయ్యకంటే నేను జానెడు పొడుగు. నాకు సరిపోతే ఇంకేం," అంది.

ఇంట్లోనేమో రోజూ ఎమ్మట్ చేత రొట్టెలు చేయించడం మొదలుపెట్టింది. మాడినవి మాడినట్టే పందికి పోతున్నా మానలేదు. ఎందుకక్కా నాకీ శిక్ష అని ఎమ్మట్ మొత్తుకుంటే నవ్వి ఊరుకుంది.

హవీస్ లోలోపల ఉడికిపోయింది. ఇన్నేళ్ళూ నోట్లో నాలుక లేదనుకున్న కోడలు అత్తను పూడ్చడానికి ఎంత ఓపికగా తిరుగుతోంది! ఎండట, పొయ్యట, పిల్లట. చలికాలంలో కోయబోయే పందిని ముందునుంచీ మేపినట్టు.

శుక్రవారం అని నిర్ణయమైంది. బుధవారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరి ఉప్పుచేప తింటుండగా హవీస్ గొంతు సవరించుకుంది. తెల్లవారుజామున కలలో పేట చర్చి పునీతుడు కనిపించాడంది. గడ్డం దువ్వుకుని మరీ వచ్చాడట. నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఒక్కపూట నడవదు, కదిలావంటే నామీద ఒట్టు అన్నాడట. ఆయనంతటివాడు ఒట్టు పెట్టాక తను ఎలా దాటుతుంది?

ఎమ్మట్ నములుతున్నది ఆపేసింది. వైమండ్ కత్తి పక్కన పెట్టాడు.

"ఎల్లుండి ఊరూరా జనం వస్తున్నారమ్మా. బిషప్ గారి మనిషి ఈపాటికి బయల్దేరి ఉంటాడు. రాళ్ళు తెచ్చి గుమ్మం ముందు పేర్చాను. లోపలికి ఎవరిని పంపను?"

"ఆ సంగతి నన్నడిగితే? వచ్చినాయన చెప్పలేదు," అంది హవీస్ కళ్ళు దించుకుని.

ఆల్డిత్ చేతులు తుడుచుకుంది. ఇంకో ముక్క వేయనా అని అడిగినంత మెల్లిగా అందరికీ చెప్పింది.

"ఆయన చెప్పినట్టే అత్తయ్య నిశ్చింతగా ఇల్లు చూసుకోవచ్చు, బిషప్ గారి దగ్గర నేను మొదట్నుంచీ రాయించింది నా పేరే."