నీలం అంటని ఉండ

"ఏందమ్మా ఇది? సైన్సు చేయమంటే గోలీలాడుకుంటాండావా?"

ప్రొఫెసర్ చెన్నకేశవులు గాజుసీసాను వెలుతురుకు పట్టి చూశాడు. అడుగున గసగసాలంత ఉండలు దొర్లుతున్నాయి.

ఆయన కాలేజీలో లెక్చరరుగా రిటైరయ్యాడు. ఇంటికి రాగానే ప్రొఫెసరయ్యాడు. 1984లో నంద్యాల క్యాన్సర్ పరిశోధన మొత్తం ఆయన ఇంటి వెనక రేకుల గదిలోనే జరిగేది. కోడిగుడ్లు పొదిగే పెట్టెలో కణాలు పెరిగేవి. శ్రీశైలంలో పుట్టిన కరెంటు నంద్యాల చేరేలోపే ప్రాణం విడిచేది కాబట్టి, పెట్టె కింద కిరసనాయిలు దీపం ఒకటి. గదికి పెట్టిన బోర్డు మాత్రం గదికన్నా పొడుగు.

అసిస్టెంటు లూదియా రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చేది. తెలివైనది. ఆమెలో ఆయనకు నచ్చని గుణం అదొక్కటే.

ఆయన కనిపెట్టిన మందు ఒక వేరు కషాయం. వేరు తెచ్చిచ్చే దాసరయ్య నల్లమల మనిషి. "మేం దీన్ని మేకల పేలకు పూస్తాం సామీ, తాగం" అని మొదటిరోజే చెప్పాడు. ఆ మాటను ప్రొఫెసరు నోట్సులో రాసుకోలేదు.

కర్నూలులో ఒక రోగి డొక్కలోని గడ్డ నుంచి కోసిన ముక్కను ఆయన ఐసులో పెట్టి తెచ్చాడు. దాని కణాలను గాజుపళ్లెంలో పలచగా పరిచి కషాయం పోశాడు. చచ్చిన కణానికి నీలం రంగు అంటుతుంది, బతికున్నదానికి అంటదు. రెండు రోజులకు రంగు చుక్క వేసి చూస్తే పళ్లెం మొత్తం నీలమే. ఆ సాయంత్రం ఆయన నడకే మారిపోయింది. వీధికుక్కలు కూడా లేచి దారిచ్చాయని ఆయన అభిప్రాయం.

లూదియాకు నమ్మకం కుదరలేదు. అవే కణాలను గాజుకు అంటుకోకుండా సీసాలో అగర్ అనే నున్నటి జెల్లీ మీద పెంచింది. అవి ఒకదాన్నొకటి కరుచుకుని ఉండలయ్యాయి. ఇప్పుడు ప్రొఫెసరు చేతిలో ఉన్న సీసాలోవి అవే.

"మనిషి ఒంట్లో గడ్డ చాప మాదిరి పరుచుకోని ఉండదు సార్. గుండ్రంగా ఉంటాది. మందు దాని లోపలికి పోవాల గదా."

"చాల్లే. ఉండలు చుట్టేదానికైతే పెండ్లిండ్లలో లడ్డూల పనికి పో. దుడ్లన్నా వస్తాయి."

"ఆ కర్నూలు రోగికి హైదరాబాదులో ఆపరేషనుకు సోమవారం బెడ్డు ఇచ్చినారంట గదా. ఆ మనిషిని పంపీయండి సార్."

"పోడు. కత్తంటే పడదు ఆయప్పకు. రేపట్నుంచి నా కషాయమే తాగుతాడు."

"మేకల మందు తాగేంత పిచ్చోడు యాడ దొరికినాడు సార్ మీకు?"

"ఉండాడులే ఒకడు" అన్నాడు ప్రొఫెసరు, సీసా కింద పెట్టేస్తూ.

లూదియా ఊరుకోలేదు. అప్పటికే వారం రోజులుగా కషాయంలో నానుతున్న ఉండను తీసి, బ్లేడుతో రెండుగా కోసి, నీలం రంగు చుక్క వేసింది.

"చూడండి సార్."

"నాకేం పనిలేదా?"

"ఒక్కసారి. ఆ తర్వాత నన్ను పనిలోంచి తీసేసినా సరే."

ప్రపంచానికి ఉపకారం చేస్తున్నట్టు ఆయన మైక్రోస్కోపు మీదికి వంగాడు.

అంచు మాత్రమే నీలం. గోడకు సున్నం కొట్టినంత పలచగా. లోపలంతా తెల్లగా, ఏ రంగూ అంటకుండా, హాయిగా బతికి ఉంది.

ఆయన రెండో సగాన్ని కూడా పెట్టి చూశాడు. తల ఎత్తాక గోలీల ఊసు తేలేదు.

"సోమవారం హైదరాబాదు బస్సు ఎన్ని గంటలకు?"

"పొద్దున ఐదున్నరకు. ముందు ఆయప్పను ఒప్పించాల గదా సార్. వట్టి మొండోని మాదిరి ఉండాడు."

"ఒప్పుకున్యాడు."

"ఎప్పుడు సార్? పొద్దుట్నుంచి మీరు ఈడనే ఉండారు గదా!"

ప్రొఫెసర్ చెన్నకేశవులు చొక్కా పైకెత్తి, డొక్క మీద కర్నూలు డాక్టర్లు వేసిన కుట్లు చూపించాడు.